కట్టెలలో చుట్టములు

భాద్రపద బహుళ అమావాస్య వచ్చినదనగా గోదావరి తీరమునందలి బొగ్గుగనుల సీమలో ఇల్లిల్లును పూలతోటవలె నగుపడును. రామగుండమునందును, గోదావరిఖనియందును, గనికార్మికుల వాడలలో పిల్లలు తెల్లవారకమునుపే లేచి, ఊరి బయళ్లకు పోయి తంగేడు పూలును గునుగు పూలును ఒడినిండ కోసి తెత్తురు. తల్లి గునుగు కాడలను సమముగా కత్తిరించును. అక్క వానిని రంగునీటిలో ముంచి ఆరబెట్టును. అవ్వ తాంబాళములో గుమ్మడాకులు పరచి, వరుసపై వరుసగా పూలను పేర్చును. రాత్రి షిఫ్టు ముగించుకొని వచ్చిన తండ్రి సయితము నిద్ర మాని, పేర్పు వంకర పోకుండ చేయి యడ్డము పెట్టును. సంతలో ఆ పూలకు పెద్ద వెల లేదు. గునుగు చేలలో మొలచు కలుపు మొక్క. అయినను నలుగురి చేతులు కలిసినప్పుడు ఆ కలుపు పువ్వే బతుకమ్మ యగుచున్నది. సాయంకాలమునకు అది నీటి పాలగునని యెరిగియు, దానిని తీర్చుటలో ఎవరును కొరత చేయరు.

విలువలేని వస్తువును చేతబట్టి, ఇంటివారితోను ఇరుగుపొరుగువారితోను కూడి, వేడుకకొరకు అందముగా తీర్చు ఈ గుణము మనుష్యునకు సహజమైనది. దీనిని పిల్లల యాటయని కొందరు త్రోసివేయుదురు. కాని మన దేశపు చిత్రకళకు క్రొత్త త్రోవ చూపిన ఒక మహాచిత్రకారుడు, దేశమంతయు తన్ను గురువుగా గౌరవించుచున్న కాలమున, కుంచెను ప్రక్కన బెట్టి, మనుమల నడుమ కూర్చుండి ఎండుపుల్లలతో బొమ్మలు చేసెను. ఆయనయే అవనీంద్రనాథ ఠాగూరు.

అవనీంద్రనాథుడు 1871వ సంవత్సరము ఆగస్టు 7వ తేదీన కలకత్తా నగరమున, జొరాసాంకో అను పేటలోని ఠాగూరుల భవనములో జన్మించెను. అదే సంవత్సరమున, అప్పటి హైదరాబాదు రాజ్యములో, ఇల్లెందు సమీపమున భూగర్భశాస్త్రజ్ఞుడగు కింగ్ దొర బొగ్గుపొరలను కనుగొనెను. సింగరేణి గనుల చరిత్ర ఆ యేటితో మొదలైనది. యుగముల క్రింద కూలిన చెట్లు బొగ్గై ఒకచోట బయటపడిన సంవత్సరముననే, ఎండుకట్టెలో ప్రాణమును చూడగల శిశువు మరియొకచోట పుట్టుట ముచ్చటయైన కలయిక.

ఆయన తండ్రి గుణేంద్రనాథుడు, తల్లి సౌదామినీదేవి. గగనేంద్రనాథుడు, సమరేంద్రనాథుడు అన్నలు. విశ్వకవి రవీంద్రనాథుడు పినతండ్రి వరుస. పినతండ్రికిని ఈ బాలునకును వయస్సులో పదేండ్ల యంతరము మాత్రమే యుండుటచే, తరువాతి కాలమున వారి నడుమ వరుసకంటె చెలిమియే యెక్కువ యయ్యెను. ఠాగూరులది పెద్ద యుమ్మడి కుటుంబము. ఆ లోగిలిలో ఒకవైపు సంగీతము, ఒకవైపు నాటకము, మరియొకవైపు గ్రంథరచన నిత్యము సాగుచుండెడివి. గుణేంద్రనాథునకు చిత్రలేఖనమునందు ఆసక్తి మెండు. అట్టి యింట పుట్టిన బాలుని కన్నులకు ప్రతిదినమును ఏదో యొక క్రొత్త వింత దొరకుచుండెను.

అవనీంద్రునకు పాఠశాల మాత్రము అచ్చిరాలేదు. చిన్ననాడు ఆయన చదివిన బడిలో ఆంగ్లోపాధ్యాయుడొకడు పుడ్డింగ్ అను తినుబండారము పేరును పడ్డింగ్ అని పలికి, పిల్లలచే అట్లే పలికించెను. ఆ తినుబండారమును తన యింట పలుమారు తినియున్న బాలుడు, దాని పేరు అది కాదని నిలబడి చెప్పెను. ఉపాధ్యాయునకు కోపము వచ్చెను. బాలుడు తన మాట మార్చుకొనలేదు. దండన తప్పలేదు. సంగతి తెలిసిన తండ్రి, కొడుకును ఆ బడి మాన్పించి, ఇంటనే చదువు చెప్పించెను. కంటితో చూచినదానిని, నాలుకతో రుచి యెరిగినదానిని, ఎవరో చెప్పిరని మార్చుకొనని యీ పట్టుదల అవనీంద్రనాథుని జీవితమున కడవరకు నిలిచినది.

ఆయనకు పదియేండ్లు నిండుసరికి, 1881లో, తండ్రి మరణించెను. తండ్రి యింకను నడివయస్సునైనను చేరలేదు. భర్తను పోగొట్టుకొన్న సౌదామినీదేవి ధైర్యము విడువక బిడ్డలను పెంచి పెద్దచేసెను. అవనీంద్రుడు సంస్కృత కళాశాలలో కొన్ని సంవత్సరములు చదివెను. 1889లో సుహాసినీదేవితో ఆయనకు వివాహమయ్యెను.

అటుపిమ్మట ఆయన చిత్రలేఖనమును శ్రద్ధతో నేర్వ మొదలుపెట్టెను. ఆ కాలమున చిత్రకళయనగా ఐరోపావారి కళయే యని చదువుకొన్నవారి తలంపు. అవనీంద్రుడును మొదట ఆ మార్గముననే నడచెను. గిలార్డి అను ఇటలీ దేశస్థునియొద్ద రంగుసుద్దలతో చిత్రించుటను, పామర్ అను ఆంగ్లేయునియొద్ద తైలవర్ణ చిత్రణమును అభ్యసించెను. చేయి బాగుగా తిరిగినది. మనుష్యుని ముఖము ఉన్నదున్నట్లు దింపగల నేర్పు వచ్చినది. కాని మనస్సునకు తృప్తి కలుగలేదు. తాను గీయుచున్నది తన యింటి మాటవలె కాక, పరుల భాషలో పలికిన మాటవలె ఆయనకు తోచెను. బాల్యమున పడ్డింగ్ అని పలుకుటకు ఒప్పుకొనని మనస్సు ఇప్పుడును ఒప్పుకొనలేదు.

అట్టి సమయమున ఆయన చేతికి రెండు కానుకలు వచ్చెను. ఒకటి ఢిల్లీ చిత్రకారులు సూక్ష్మముగా రచించిన పాతచిత్రముల సంపుటము. రెండవది ఐర్లండు దేశపు పాటలకు రంగురంగుల యంచులతో అలంకరించిన చిత్రముల సంపుటము. దూరదేశములవైన ఆ రెండింటిలోను ఒకే విధమైన సొగసు కనబడుట చూచి ఆయన యాశ్చర్యపడెను. తన దేశపు మార్గము తన యెదుటనే యున్నదని గ్రహించి, రాధాకృష్ణుల కథను వరుస చిత్రములుగా రచించెను. అదియే కృష్ణలీలా చిత్రమాల. భారతీయ చిత్రకళకు నవజీవనము అక్కడ మొదలయ్యెనని పెద్దలందురు.

1896లో హావెల్ అను ఆంగ్లేయుడు కలకత్తాలోని ప్రభుత్వ చిత్రకళాశాలకు అధ్యక్షుడై వచ్చెను. భారతీయులు తమ పూర్వుల కళను మరచి పరుల కళను అనుకరించుట ఆయనకు నచ్చలేదు. అవనీంద్రుని చిత్రములను చూచినంతనే ఆయన హృదయము పొంగెను. మొగలుల కాలమునాటి చిత్రములను తెప్పించి, వానిలోని పనితనమును చూపెను. ఒక కొంగ చిత్రములో ఒక్కొక్క యీకను విడివిడిగా తీర్చిన ఆనాటి చిత్రకారుని యోర్పును చూచి అవనీంద్రుడు ముగ్ధుడయ్యెను.

ఆ దినములలోనే ఆయన కుటుంబమునకు గొప్ప యాపద వచ్చెను. కలకత్తాలో ప్లేగువ్యాధి వ్యాపించెను. అవనీంద్రుని ముద్దుల చిన్నకూతురు ఆ వ్యాధికి బలియయ్యెను. తండ్రి దుఃఖమునకు మేర లేకపోయెను. 1902లో ఆయన షాజహాను అవసానమును చిత్రించెను. ముసలి చక్రవర్తి చెరలో పాన్పుపై పడియుండి, దూరమున వెన్నెలలో కనబడు తాజమహలును చూచుచుండును. కాళ్లకడ కూతురు జహనారా కూర్చుండియుండును. చిత్రములో నున్నది చక్రవర్తి కథ. దానిలో నింపినది బిడ్డను పోగొట్టుకొన్న తండ్రి గుండెకోత. ఢిల్లీ దర్బారు సందర్భమున జరిగిన కళాప్రదర్శనములో ఆ చిత్రమునకు బహుమానము లభించి, ఆయన పేరు దేశమంతట వ్యాపించెను. దుఃఖమును మాటలతో చెప్పక చేతిపనిలో పెట్టుట ఆయన అప్పుడే నేర్చెను. ముసలితనమున ఆయనను నిలబెట్టినదియు ఆ విద్యయే.

1905లో అవనీంద్రనాథుడు చిత్రకళాశాలకు ఉపాధ్యక్షుడయ్యెను. ఆ సంవత్సరమే వంగదేశ విభజనముచే ప్రజలలో గొప్ప కలవరము పుట్టెను. ఆయన భారతమాతను చిత్రించెను. ఆ తల్లి కాషాయవస్త్రము ధరించి, నాలుగు చేతులలో అన్నమును, వస్త్రమును, పుస్తకమును, జపమాలను పట్టుకొన్న సాధ్వి. ఖడ్గము లేదు, కిరీటము లేదు. కూడు, గుడ్డ, చదువు, భక్తి యిచ్చు ఇంటి తల్లివలె ఆయన దేశమాతను భావించెను. జపానునుండి వచ్చిన తైకాన్, షున్సో అను చిత్రకారులు ఠాగూరుల యింట ఆతిథ్యము పొందిరి. వారు కాగితమును నీటితో తడిపి రంగులు పూయు విధానమును చూచి, ఆయన చిత్రమునంతయు నీటముంచి తీసి, మంచుతెర కప్పినట్లు రంగులను మెత్తపరచు క్రొత్త పద్ధతిని కల్పించుకొనెను.

ఆయన శిష్యులు పలువురు. నందలాల్ బోస్, అసిత్ కుమార్ హాల్దార్, మైసూరు సీమనుండి వచ్చిన వెంకటప్ప వారిలో ముఖ్యులు. 1909 మొదలు 1911 వరకు హెరింగ్‌హామ్ దొరసాని అజంతా గుహలలోని చిత్రములకు ప్రతులు వ్రాయుచుండగా, అవనీంద్రుడు ఈ శిష్యులను సహాయులుగా పంపెను. అజంతా అప్పుడు హైదరాబాదు రాజ్యములోనిదే. తెలుగుసీమకును ఆ గాలి సోకినది. 1920వ దశకమున మచిలీపట్టణములోని ఆంధ్ర జాతీయ కళాశాలకు బెంగాలునుండి ప్రమోదకుమార చటర్జీ చిత్రకళాచార్యుడుగా వచ్చెను. ఆయనయొద్ద నేర్చినవారిలో కవియు చిత్రకారుడు నైన అడివి బాపిరాజు ఒకడు.

శిష్యులకు పాఠము చెప్పుటలో ఆయన బలవంతము ఎరుగడు. వంకర గీత గీసినంతమాత్రమున గద్దింపడు. ముందుగా రామాయణ భారత కథలు చెప్పించును. నదిని, చెట్టును, పక్షిని చూచి రమ్మని పంపును. పిమ్మట కుంచె చేతికిచ్చును. 1921 మొదలు 1929 వరకు కలకత్తా విశ్వవిద్యాలయములో వాగీశ్వరీ ఆచార్యపీఠమున నుండి ఆయన చేసిన యుపన్యాసములు కళాశాస్త్రమున ప్రమాణ గ్రంథమై నిలిచినవి.

ఇంతటి విద్వాంసుడును ఇంట మాత్రము పిల్లలలో పిల్లవాడు. జొరాసాంకోలోని యైదవ నంబరు భవనమునకు దక్షిణపు వసారా యొకటి యుండెను. ముగ్గురన్నదమ్ములును ప్రతిదినము ఆ వసారాలో వరుసగా కుర్చీలు వేసికొని కూర్చుండెడివారు. గగనేంద్రుడు చిత్రము వ్రాయుచుండ, సమరేంద్రుడు పుస్తకము చదువుకొనుచుండ, అవనీంద్రుడు రంగులు కలుపుచుండును. చుట్టును పిల్లలు, మిత్రులు, శిష్యులు. పెద్దల పని యొకచోట, పిల్లల యాట మరియొకచోట అను హద్దు ఆ వసారాలో లేదు. పిల్లలకొరకు ఆయన కథలు వ్రాసెను. 1896లో వెలువడిన పాలకోవా బొమ్మ కథయు, రాజపుత్రుల వీరగాథలును నేటికిని బెంగాలీ బాలురు ఆసక్తితో చదువుచున్నారు. పల్లెటి స్త్రీలు నోములనాడు నేలపై పిండితో వేయు ముగ్గులను సేకరించి, వాని యర్థమును వివరించుచు 1919లో ఒక గ్రంథము ప్రకటించెను. పేరులేని ఇల్లాండ్ర చేతిముగ్గును చక్రవర్తుల కొలువులోని చిత్రముతో సమముగా గౌరవించిన పండితుడాయన.

1930వ సంవత్సరమున అవనీంద్రనాథుడు అరేబియా రాత్రుల కథలను నలువదికి పైగా చిత్రములుగా రచించెను. వానిలో కలకత్తా వీథులును, తన యింటి మేడలును, తానెరిగిన మనుష్యులును బాగ్దాదు నగరపు వేషము వేసికొని కనబడుదురు. ఆయన చేయి అంత పరిపక్వముగా మరెన్నడును ఆడలేదని విమర్శకులందురు. సరిగా అప్పుడే ఆయన కుంచెను ప్రక్కన పెట్టెను. కొన్ని సంవత్సరములవరకు చిత్రములు దాదాపుగా వ్రాయలేదు. అవి ఇంటిలో కష్టములు క్రమ్ముకొన్న దినములు. అన్న గగనేంద్రునకు పక్షవాతము వచ్చి మాట పడిపోయెను, చేయి కదలలేదు. దక్షిణపు వసారాలో ఆయన కుర్చీ యుండెను గాని, ఆయన కుంచె యాగిపోయెను.

ఆ కాలమున అవనీంద్రుడు పిల్లలతో చేరి యాటలు కట్టించెను. మన వీథినాటకములవంటి జాత్రలను తానే రచించి, ఇంటి పిల్లలచే ఆడించెను. రామాయణ కథను హాస్యముతో నింపి ఒక పెద్ద నోటుపుస్తకములో వ్రాసి, దానికి బొమ్మలుగా వార్తాపత్రికలలోని ప్రకటనలను కత్తిరించి అతికించెను. సబ్బు ప్రకటనలోని ముఖమొకటి, మందుసీసాపై చీటీ యొకటి, ఆయన కత్తెర తగిలి రామాయణములో పాత్రలైనవి. పారవేయవలసిన కాగితముతో ఆడిన యీ యాట వెంటనే, పారవేయవలసిన కట్టెతో ఆడు ఆట వచ్చెను.

తోటలో నడచునప్పుడు ఆయన కన్ను పూలమీదకంటె నేలమీద ఎక్కువగా నిలువసాగెను. గాలికి విరిగిపడిన కొమ్మ, ఎండిన వేరు, వెదురు మొదలు, కొబ్బరిచిప్ప, మామిడి టెంక, పగిలిన యెండుకాయ, ఏది కనబడినను ఏరి తెచ్చెను. పిల్లలును పరుగులు తీసి తెచ్చియిచ్చిరి. ఇతరులకు అవి పొయ్యిలోనికి మాత్రమే తగిన వస్తువులు. ఆయన ఒక్కొక్క పుల్లను చేతబట్టి, తలక్రిందుగా త్రిప్పి, అడ్డముగా పెట్టి, వెలుగునకెదురుగా నిలిపి చాలసేపు చూచుచుండును. హఠాత్తుగా ఒకనాడు ఆ కొమ్మ పంగలో ఎగురబోవు పక్షి కనబడును. వేరు మలుపులో మెడ చాచిన ఒంటె కనబడును. బుడిపెలో ముసలివాని ముక్కు కనబడును.

ఈ పనిలో ఆయనకొక నియమముండెను. కట్టెను చెక్కి తాను కోరిన రూపమును దానిమీద రుద్దరాదు. కట్టెలో దాగియున్న రూపము ఏదో దానిని కనిపెట్టవలెను. అందుచే ఉలికి పని మిక్కిలి తక్కువ. అడ్డముగానున్న చిన్న కొనను త్రుంచుట, రెండు ముక్కలను మేకుతోనో తీగతోనో కలుపుట, నిలబడుటకు క్రింద ఒక పీట అమర్చుట, అంతే. శిల్పి రాతిని తన మాట వినునట్లు చేయును. అవనీంద్రుడు పుల్ల చెప్పు మాటను తాను వినెను. శిష్యుని చేతిని బలవంతముగా త్రిప్పని ఆ గురువు, పుల్లను సయితము బలవంతముగా చెక్కలేదు.

ఈ బొమ్మలకు ఆయన కుటుమ్ కాటామ్ అని ముద్దు పేరు పెట్టెను. బెంగాలీలో కుటుమ్ అనగా చుట్టము. మన కుటుంబమను మాటకు అది దగ్గరిది. కాటామ్ అనగా ఎముకల గూడువంటి చట్రము. చట్రమునకును చుట్టమునకును ముడి వేసిన పేరది. పేరునకు తగినట్లే వానిని ఆయన ఇంటికి వచ్చిన బంధువులవలె చూచుకొనెను. ఒక్కొక్క దానికి ఒక కథ కల్పించి పిల్లలకు చెప్పెను. ఈ పక్షి ఎచ్చటినుండి వచ్చినది, ఈ ముసలివాడు ఎవరికొరకు ఎదురుచూచుచున్నాడు అని పిల్లలడుగగా కథ పెరుగుచు పోవును. వచ్చిన మిత్రులును అందులో పాల్గొందురు. ఒకరికి గుఱ్ఱముగా కనబడినది మరియొకరికి మేకగా కనబడును. తగవు వచ్చును; నవ్వు వచ్చును. అమ్మకమునకు గాని పేరుకొరకు గాని వానిని చేయలేదు.

కాలము గడచినకొలది ఆయన చుట్టములు ఒక్కరొక్కరే తరలిపోయిరి. 1938లో గగనేంద్రనాథుడు మరణించెను. 1941లో రవీంద్రనాథుడు రోగపీడితుడై యుండెను. ఆ దినములలో అవనీంద్రుడు పాత యింటి ముచ్చట్లను చెప్పగా, రాణీచందా అను నామె వ్రాసికొనెను. ఆ వ్రాతలను చదివి రవీంద్రుడు మిక్కిలి సంతోషించెను. అవనీంద్రుని డెబ్బదవ జన్మదినమును దేశమంతయు పండుగగా జరుపవలెనని ఆయన కోరిక. ఆ జన్మదినము ఆగస్టు 7వ తేదీ. 1941వ సంవత్సరము సరిగా ఆ దినముననే రవీంద్రనాథుడు జొరాసాంకో భవనములో కన్నుమూసెను. పండుగ కావలసిన దినము అవనీంద్రునకు శాశ్వతముగా వర్ధంతి దినమయ్యెను.

అంతటితో కష్టములు తీరలేదు. ఆ సంవత్సరమే అప్పుల కారణమున ఐదవ నంబరు భవనము పరుల వశమయ్యెను. పుట్టి పెరిగిన యిల్లు, అన్నదమ్ములు కూర్చున్న వసారా, కూతురు నడచిన గది, అన్నియు విడిచి, డెబ్బది యేండ్ల ముసలివాడు కలకత్తాకు ఉత్తరపు శివారైన బరానగరములో గుప్తనివాసమను తోటయింటికి తరలెను. తరువాతి కాలమున ఆ పాతభవనమును పడగొట్టిరి. ఇంతటి దెబ్బకు ఎంతటివాడైనను క్రుంగిపోవును. అవనీంద్రునకును దుఃఖము కలుగక పోలేదు. కాని గుప్తనివాసపు తోటలోను చెట్లుండెను, చెట్లక్రింద ఎండుపుల్లలుండెను, వానిని ఏరి తెచ్చుటకు మనుమలుండిరి. క్రొత్త యింటి వసారాలో పాత యాట మరల మొదలయ్యెను. పోయిన చుట్టములు తిరిగి రారు. ఆయన చేతి పుల్లలలో క్రొత్త చుట్టములు దినదినమును పుట్టుచుండిరి.

1942లో ఆయన విశ్వభారతికి ఆచార్యపదవి స్వీకరించెను. రవీంద్రుడు నాటిన చెట్టుకు నీరు పోయు భారము తనదని తలచెను. శాంతినికేతనమున నున్న దినములలో, విశ్వభారతి కధిపతియైన ఆ వృద్ధుడు, ఎఱ్ఱమట్టి బాటలవెంట వంగి పుల్లలేరుచు పోవుచుండెను. ఆయన యెదుట కూర్చున్న విద్యార్థులు, గొప్ప చిత్రకారుడగుటకు గొప్ప వస్తువులు అక్కరలేదని కన్నులార చూచిరి. యౌవనమున తాజమహలును, దేశమాతను చిత్రించిన చేయి, ముసలితనమున మామిడి టెంకను అంతే శ్రద్ధతో పట్టుకొనెను. ఆయన దృష్టిలో ఆ రెండు పనులకును భేదము లేదు. రెండును చూచుటయే. ఒకటి రంగులతో చూచుట, రెండవది పుల్లతో చూచుట.

అవనీంద్రనాథుడు 1951వ సంవత్సరము డిసెంబరు 5వ తేదీన, ఎనుబది యేండ్ల వయస్సున మరణించెను. ఆయన చిత్రములను దేశవిదేశముల ప్రదర్శనశాలలు భద్రపరచినవి. పుల్లబొమ్మలు కొన్ని మాత్రమే మిగిలినవి. ఎండుకట్టె పురుగు పట్టును, పెళుసై విరుగును. చేసినవాడు ఆ సంగతి ఎరుగనివాడు కాడు. బతుకమ్మ పేర్చు అవ్వకు సాయంకాలము సంగతి తెలియనిది కాదు గదా! నిలుచునా పోవునా అను ప్రశ్న ఆ పనిలో లేదు. చేయుచున్నంతసేపు నలుగురు కలిసి కూర్చుండిరా, ఒకరి కంటితో మరియొకరు చూచిరా, అది యొక్కటే లెక్క.

గోదావరి తీరపు గనులలో 25 కోట్ల సంవత్సరములకు పైబడిన అడవులు బొగ్గై పండుకొని యున్నవి. గనికార్మికులు ప్రాణములకు తెగించి ఆ కట్టెను త్రవ్వి తీయగా, దేశమునకు విద్యుత్తు వచ్చుచున్నది. అదే గోదావరికి ఎగువసీమలోని నిర్మలులో, పొనికి కట్టె నకాషీ పనివారి యిండ్లలో చిలుకయై, లేడియై, పండ్లై రంగులు ధరించుచున్నది. ఒక కట్టె వెలుగునిచ్చును; ఒక కట్టె కూడు పెట్టును. ఏ విధముగను అక్కరకు రాని కట్టె మూడవది. వరద తీసిన వెనుక ఇసుకలో మిగిలిన వేరుముక్క అట్టిది. దానిని అవనీంద్రుడు చుట్టమని పిలిచెను.

బాలబాలికలారా! సెలవుదినమున నదియొడ్డునకో, చెరువుగట్టునకో పోయినప్పుడు అట్టి వేరుముక్క యొకటి మీ కాలికి తగులవచ్చును. దానిని ఇంటికి తెండు. తాతకు చూపుడు. చెల్లెలికి చూపుడు. ఎవరికి ఏమి కనబడునో చెప్పుకొనుడు. దానికి పేరు కుదురువరకు త్రిప్పి త్రిప్పి చూడుడు. ఆ సాయంకాలము మీ యింట ఒక చుట్టము పెరుగును.